మూడో బేరింగ్

జూన్ 12, 1941. గురువారం

బండి వచ్చింది. వచ్చింది అనకూడదు, రెండెద్దులు ఈడ్చుకొచ్చాయి. హుస్సేనీ ఆలం నుంచి శాలిబండ ఎంత దూరమని! దారిలో మూడుసార్లు ఆగింది. వెనక చక్రం ఒకటి తిరగనని మొండికేసింది. నా షెడ్డు ముందు దించేసరికి గల్లీ అంతా పోగైంది. అందులో ఒకడు, మా బాపు వినాలనే గొంతు పెంచి, నూనె నర్సింహ బండి మళ్ల వచ్చిందిరో అన్నాడు. వాడి ముఖం గుర్తుపెట్టుకున్నాను.

బాపు బయటికి రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

1912 నాటి ఫ్రెంచి కారు ఇది. హైకోర్టు వకీలు రామలింగయ్య గారిది. ఆయన పోయి ఏడాదైంది. కొడుకు సోమశేఖర్ గారు కూడా వకీలే. దసరా రోజు వాళ్ళమ్మను ఇందులో కూర్చోబెట్టి చార్మినార్ దాకా తిప్పాలని ఆయన కోరిక. రంగు, సీట్లు వేరేవాళ్ళు చూస్తారు. ఇంజను మొత్తం విప్పి, ప్రతి పార్టూ తుప్పు వదిలించి, పాలిష్ పట్టి, పూత పెట్టి, కొత్తదానిలా బిగించడం నా పని. మూడున్నర నెలలు గడువు. అదీ యుద్ధం రోజుల్లో, తుప్పు గీకే ఎమరీ కాగితం కూడా దొరకనప్పుడు.

బుద్ధి ఉన్నవాడెవడైనా వద్దంటాడు. నేను వెళ్ళి అడిగి మరీ తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో కళావతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం అన్నాక చెప్పక తప్పదు.

జూన్ 14

ఈ పని ఎందుకు తెచ్చుకున్నానో ఇక్కడ కూడా రాసుకుంటాను.

బాపు ఈ బండికి పన్నెండేళ్ళు డ్రైవరు. 1926 మార్చిలో వకీలు గారి భార్య లక్ష్మీకాంతమ్మ గారిని యాదగిరిగుట్ట జాతరకు తీసుకుపోతుంటే, ఘట్‌కేసర్ దాటాక ఇంజను పట్టేసింది. మూడో పిస్టన్ రాడ్ విరిగి ఇంజను గోడను పొడిచింది. పిడికిలి పట్టేంత రంధ్రం. ఎద్దులను కట్టి రెండ్రోజులకు ఇంటికి చేర్చారు. విప్పి చూస్తే లోపల నూనె చుక్క లేదు. నూనె లేకనే పట్టేసింది, నువ్వు అమ్ముకున్నవ్ అన్నాడు వకీలు. రాడ్ పొడిచినంక నూనె కారిపోయింది దొరా అన్నాడు బాపు. వకీలు కదా, కేసూ ఆయనదే, తీర్పూ ఆయనదే.

బాపు నా తల మీద చెయ్యి పెట్టాడు. నా కొడుకు మీద ఒట్టు, పొద్దుగాల నేను చూసిన, నాలుగు శేర్లు నిండ ఉండె అన్నాడు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, బాపు దగ్గరే పని నేర్చుకుంటున్నాను. ఒట్టు వేసినా వకీలు నమ్మలేదు. నౌకరీ పోయింది. తర్వాత ఊళ్ళో ఎవరూ బాపు చేతికి స్టీరింగు ఇవ్వలేదు. కట్టెల అడితిలో కట్టెలు తూచి బతికాడు. పేరు మాత్రం నూనె నర్సింహ అయి కూర్చుంది. నా పెళ్ళిలో మా అత్తగారివైపు వాళ్ళు కూడా బాపును ఆ పేరుతోనే గుర్తుపట్టారు.

బాపు ఒట్టేసి అబద్ధమాడే మనిషి కాదు. మరి ఇంజను ఎందుకు పట్టేసింది? మనుషులు చెప్పలేకపోయారు, ఇనుమే చెప్పాలి. బాపుకు అరవై ఎనిమిది దాటాయి. ఆయన ఉండగానే చెప్పాలి.

జూన్ 20

ఒక నట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క నట్టు.

జూన్ 27

ఆగయ్యను పిలిపించాను. పాన్‌దాన్లకు, ఉమ్మి వేసే ఉగాల్‌దాన్లకు నికిల్ పూత పెట్టడంలో హుస్సేనీ ఆలంలో ఆయన్ని మించినవాడు లేడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. దోస్తు. కానీ ఆయనకు తెలిసింది ఒక్కటే, మెరుపు. ఏ వస్తువు చేతికిచ్చినా అందులో తన మీసం కనిపించేదాకా రుద్దుతాడు. ఇంజను పార్టులు పరిచి చూపిస్తే, తమ్మీ, గివన్ని తళతళ మెరిపిస్త, నువ్వేం ఫికర్ చెయ్యకు అన్నాడు. నాకు అప్పుడే ఫికర్ మొదలైంది.

మూడుసార్లు చెప్పాను. అన్నా, కొన్ని మెరవాలె, కొన్ని నల్లగ ఉండాలె, కొన్నిటిని అసలు ముట్టుకోవద్దు అని. తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నట్టు కాదు.

జూలై 4

వినలేదు.

వాల్వులను పైకి లేపే చిన్న కడ్డీలు ఎనిమిది ఉంటాయి. వాటి రంధ్రాల్లో అవి వెంట్రుకవాసి సందుతో కిందికీ పైకీ ఆడాలి. ఆగయ్య ఎనిమిదింటికీ దళసరిగా నికిల్ పెట్టి, పట్టుగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఒక్కటీ లోపలికి దిగదు. అద్దాల్లా మెరుస్తున్నాయి, దిగవు. నికిలు దొరకడం లేదు, అంతా తోపులకే పోతోందని మార్కెట్లో ఒకటే లొల్లి. ఈయన తన దగ్గరున్న ఆఖరి నికిల్ పలకను ఈ ఎనిమిది కడ్డీలకే అరగదీశాడు. రేడియేటరు మూతకు, బయట కనిపించే మీటలకు ఇప్పుడు నికిలు లేదు. లోపల ఎవరికీ కనిపించని కడ్డీలకు మాత్రం ఉంది.

నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దవాడని కూడా చూడలేదు. ఆయన ఒక కడ్డీ తీసుకొని వెలుగులో తిప్పి చూసి, ఏమన్న అను గని పని మంచిగ కుదిరింది అన్నాడు.

జూలై 5

పూతంతా గీకి తీస్తున్నాను. పెట్టడానికి రెండు రోజులు పట్టింది, తీయడానికి నాలుగైనా పట్టేట్టుంది.

జూలై 12

ఇవాళ కళావతి వంతు. కార్బొరేటర్ ఇత్తడి ముక్కలు పెరట్లో కిరసనాయిలులో నానబెట్టి అఫ్జల్‌గంజ్ వెళ్ళాను. వచ్చేసరికి చింతపండు, బూడిద వేసి తోమి, బోర్లించి, ఎండబెట్టింది. పూజ గిన్నెలకంటే తెల్లగా ఉన్నాయి. సూది మొన పట్టేంత రంధ్రాలు అందులో పదకొండు. పదకొండింట్లోనూ బూడిద. మీకు సాయం చేద్దామంటే గిట్ల మొఖం పెడ్తరేంది అంది. నేనేమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇద్దరం అన్నం తినలేదు.

బాపు ఒక్కడే తిన్నాడు. ఇంతవరకు షెడ్డులోకి అడుగుపెట్టలేదు. ఇంజను ముచ్చట ఎత్తితే లేచి బయటికి పోతాడు. ఎవరి కోసం ఈ చేతులు కాల్చుకుంటున్నానో ఆయనకు పట్టడమే లేదు.

జూలై 24

క్రాంక్ షాఫ్ట్ బయటికి తీశాను. ఇంజను కడుపులో తిరిగే ఇనుప వంకీ ఇది. దీని మీదే నాలుగు బేరింగులు కూర్చుంటాయి. మూడో చోట గీతలు పడి, కాలి, నీలంగా మాడి ఉంది. మిగతా మూడూ చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. నున్నగా ఉన్నాయి. వాటి లోపల పోసిన వైట్‌మెటల్ పూత కూడా చెక్కుచెదరలేదు.

నూనె లేకపోతే నాలుగూ మాడాలి కదా! ఒక్కటే ఎందుకు మాడింది?

జూలై 25. పగలు పదకొండు

దొరికింది!

క్రాంక్ లోపల నూనె పోవడానికి సన్నటి దారి తొలిచి ఉంటుంది. ఒకటి, రెండు, నాలుగింట్లో తీగ ఇటు పెడితే అటు వచ్చింది. మూడోదాంట్లో మధ్యలో ఆగిపోయింది. రెండు గంటలు పొడిచాను. చివరికి శనగగింజంత నల్లటి ముద్ద ఊడి చేతిలో పడింది. రాయిలా గట్టిగా ఉంది. మాడిన నూనె మడ్డి, ఇంకేముంటుంది? వకీలు గారు తెప్పించిన నూనె మంచిది కాదు, మడ్డి కట్టి దారి మూసుకుంది, మూడో బేరింగుకు చుక్క అందలేదు. తక్కిన మూడింటికీ అందింది. అంటే ఇంజనులో నూనె ఉంది. బాపు చెప్పింది నిజం.

షెడ్డులో ఒక్కణ్ణే గట్టిగా అరిచాను. ఆగయ్య ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

అదే రోజు. సాయంత్రం

మొహం కూడా కడుక్కోకుండా సోమశేఖర్ గారి ఇంటికి వెళ్ళాను. ముద్ద చూపించాను. మంచి మనిషి. రెండుసార్లు అడిగి అర్థం చేసుకున్నాడు. మా నాయన తొందరపడ్డడు, దసరానాడు బండి బయటికి తీసేటప్పుడు అందరి ముంగట నేనే చెప్త, నర్సింహ తప్పు లేదని అన్నాడు. వాళ్ళమ్మను కూడా అక్కడే కూర్చోబెడతానన్నాడు.

పదిహేనేళ్ళలో ఇంత మంచి రోజు లేదు.

జూలై 26

బాపుకు చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను, లేదా ఏడుస్తాడనుకున్నాను. రెండూ కాదు. నూనె దారి మూసుకున్నదంట బాపూ, దసరానాడు అందరి ముంగట చెప్తరంట అన్నానో లేదో, ఎవడు చెప్పమన్నడురా నిన్ను అని కంచం పక్కకు నెట్టి లేచిపోయాడు. మిగతా మాట నా నోట్లోనే ఉండిపోయింది.

ఈ మనిషికి ఏం కావాలి? ఒళ్ళు మండిపోతోంది. నా చేతులకు ఎన్ని గాట్లు పడ్డాయో చూపిద్దామనుకున్నాను. నా చేతుల్లో రక్తం కనిపిస్తే చాలు, ఆయన అక్కడ ఉండడు. ఎప్పుడూ అంతే.

ఆగస్టు 2. శనివారం

ఆ ముద్దను దాచి ఉంచాను. సాక్ష్యం కదా. చూసేవాళ్ళకు నూనె మడ్డి అని స్పష్టంగా తెలియాలని కిరసనాయిలులో వేశాను. మడ్డి అయితే కరగాలి. రెండు రోజులైనా కరగలేదు. డ్యాష్‌బోర్డు చెక్కకు పాలిష్ కలపడానికి స్పిరిట్ తెచ్చి ఉంచాను. అందులో వేసి చూశాను.

గంటకు పైనున్న మాడు ఊడింది. రెండు గంటలకు స్పిరిట్ ఎర్రబడింది. గ్లాసు అడుగున ఏదో తళుక్కుమంది. వేలితో తీశాను. ఆవగింజలో సగం ఉండే అద్దం ముక్క.

లక్క. గాజుల లక్క.

తర్వాత రాస్తాను.

ఆగస్టు 3

రాయలేను.

ఆగస్టు 9

రాయాలి.

క్రాంక్‌కు పాలిష్ పట్టేముందు నూనె రంధ్రాలను మూసుకోవాలి, లేకపోతే ఎమరీ పొడి లోపలికి పోతుంది. ఆగయ్య మైనం పెడతాడు. చాలామంది మైనమే పెడతారు. బఫింగ్ చక్రం రాపిడి వేడికి మైనం జారిపోతుందని నేను మాత్రం లక్క పెట్టేవాణ్ణి. లాడ్ బజార్‌లో గాజుల భట్టీల దగ్గర ఊడ్చి పారేసే లక్క ఊరికే దొరికేది. అందులో అద్దం ముక్కలు, తళుకులు కలిసి ఉండేవి. పని అయ్యాక దీపం మీద వేడి చేస్తే కరిగి కారిపోతుంది. ఇది నేను సొంతంగా కనిపెట్టిన ఉపాయం. ఊళ్ళో ఇంకెవరూ చేసేవాళ్ళు కాదు. అప్పట్లో దాని గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

1926లో జాతరకు పది రోజుల ముందు వకీలు గారు ఇంజను విప్పించి శుభ్రం చేయించారు. క్రాంక్‌కు పాలిష్ పట్టింది నేనే. నాలుగు నూనె దారులకు రెండేసి చొప్పున ఎనిమిది రంధ్రాలు, ఎనిమిది లక్క బిరడాలు. ఆ సాయంత్రం ధూల్‌పేటలో కుస్తీ. నా దోస్తులు గేటు దగ్గర నిలబడి ఒకటే కేకలు. గబగబా వేడి చేశాను, లక్క కారింది, వెళ్ళిపోయాను. ఎన్ని కారాయో లెక్కపెట్టలేదు.

ఏడు కారాయి.

ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఆ మిగిలిన ఎనిమిదోదాని పక్కనుంచి కొంచెం నూనె పోయి ఉంటుంది. దూరప్రయాణంలో ఇంజను కాగేసరికి లక్క మెత్తబడి, జారి, సన్నటి చోట అడ్డంగా కూర్చుంది. అంతే. నూనె చెడ్డది కాదు. వకీలు తప్పు లేదు. బాపు తప్పు లేదు. కుస్తీ ఎవరు గెలిచారో కూడా నాకు గుర్తులేదు.

ఆగస్టు 16

ఆగయ్యకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలేట్టు ఉంది. ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత, తమ్మీ, వకీల్‌సాబ్ మడ్డి అనే నమ్మిండు గద, మడ్డే అననియ్యి, మీ బాపు మీది మాట పోతది, సచ్చినోని నూనె మంచిది గాకుంటే ఎవనికి నష్టం అన్నాడు. ఆ స్పిరిటు మోరీల పారబొయ్యి అన్నాడు.

పారబోయలేదు. అలాగని పట్టుకెళ్ళి ఎవరికీ చూపించలేదు. గ్లాసు అటక మీద పెట్టాను.

నిజం చెప్పినా బాపు మీది మాట పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. పోయేది నా ముఖం. పదిహేనేళ్ళు ఆ అడితిలో నిలబడింది నావల్లనే అని బాపుకు తెలిసిపోతుంది. ఇంజను ముచ్చటకే లేచిపోయే మనిషి, ఇది వింటే నా ఇంట్లో ఉంటాడా? ఉండకపోతే ఎక్కడికి పోతాడు?

భయమేస్తోంది. ముప్పై ఐదేళ్ళు వచ్చినా బాపు అంటే భయమే.

ఆగస్టు 27

మూడో బేరింగుకు వైట్‌మెటల్ మూడోసారి పోశాను. మొదటిసారి బుడగలు. రెండోసారి ఒకవైపు అంటుకోలేదు. ఇవాళ చల్లారాక గోరుతో తడితే బొంగురు చప్పుడు. మళ్ళీ కరిగించాలి. మిగతా మూడింటిని ముట్టుకోనక్కర్లేదు, అవి బాపు కాలంనాటివే, బంగారంలా ఉన్నాయి. ఇదొక్కటే నా చేతికి లొంగదు. నా చెయ్యి దానికి గుర్తున్నట్టుంది.

కళావతి ఏమైందని అడిగింది. బేరింగు అన్నాను. బేరింగుకు గింత గనం చిక్కిపోతరా అంది.

సెప్టెంబర్ 2

నాలుగోసారి కుదిరింది. సంతోషం లేదు.

సెప్టెంబర్ 7. ఆదివారం

బాపుకు చెప్పేశాను.

మధ్యాహ్నం అరుగు మీద ఒక్కడే కూర్చుని బీడీ తాగుతున్నాడు. గ్లాసు తీసుకెళ్ళి ముందు పెట్టి, నిలబడే మొత్తం చెప్పాను. లక్క, కుస్తీ, ఏడు బిరడాలు. ఆయన లేచి వెళ్ళకుండా దారికి అడ్డంగా నిలబడ్డాను. వెళ్ళలేదు. బీడీ ఆరిపోయినా పట్టుకునే ఉన్నాడు. మళ్ల చెప్పు అన్నాడు. మళ్ళీ చెప్పాను.

నూనె తక్కువై కాదా అన్నాడు.

కాదు బాపూ, తక్కువైతే నాలుగూ మాడుతుండె, మూడు మంచిగున్నయి అన్నాను. ఒక శేరు తక్కువున్నా గూడనా అన్నాడు. మూడు శేర్లున్నా గుట్టకు పోయి రావొచ్చు అన్నాను. చెప్పాక గాని నాకు తట్టలేదు. ఒక శేరు ఎందుకంటున్నవ్ అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. నా ముఖం చూడలేదు, గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. ఆ పొద్దుగాల ఒక శేరు తీసి జట్కావానికి ఇచ్చిన, కల్లు తాగిన అన్నాడు. అంతకు ముందు గూడ రెండు మూడుసార్లు ఇచ్చిన, డ్రైవర్లందరు ఇస్తరు, ఏంగాదనుకున్న అన్నాడు. ఇంజను పట్టేసేసరికి నా పాణం పట్టేసినట్టయింది, నావల్లనే అయిందనుకున్న అన్నాడు. వకీలు ముంగట భయానికి నీ తల మీద తప్పు ఒట్టు పెట్టిన బిడ్డా అన్నాడు.

దారికి అడ్డం నిలబడినవాణ్ణి పక్కకు జరిగాను.

1932లో నాకు టైఫాయిడ్ వచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు, బాపు పంతొమ్మిది రోజులూ బయట మెట్ల మీదే కూర్చున్నాడు. ఒక్కసారి కూడా లోపలికి వచ్చి నన్ను చూడలేదు. కన్నకొడుకు చావుబతుకుల్లో ఉంటే ఈయన గుండె రాయి అనుకున్నాను. ఈ తొమ్మిదేళ్ళూ మనసులో పెట్టుకున్నాను కూడా. ఇవాళ చెప్పాడు. నా ఒట్టే నిన్ను తింటుందనుకున్న, లోపలికొచ్చి నీ మొఖం ఎట్ల చూడాలె అన్నాడు. నీ చెయ్యి తెగితే గూడ నాకు గదే యాదికొస్తుండె అన్నాడు.

తర్వాత లేచాడు. కొడతాడనుకున్నాను. చెంప మీద నిజంగానే ఒక్కటి కొట్టాడు. నొప్పి లేదు. లెక్కపెట్టొద్దారా, పనోడివి గాదా అన్నాడు. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

సెప్టెంబర్ 8

ఇవాళ కోపం వచ్చింది. నిన్న రాలేదు, ఇవాళ వచ్చింది. ఆ ఒట్టు పట్టుకుని ఎంతమందితో కొట్లాడాను! బాపు ఒట్టేస్తే అబద్ధం ఉండదని చెప్పి ఎన్ని మాటలు పడ్డాను! నా తల మీదే చెయ్యి పెట్టి! అదీ కల్లు కోసం!

నేను ఇంజను పాడు చేశాను, ఆయన నూనె అమ్మాడు. ఇంట్లో ఇద్దరమూ ఇద్దరమే.

సెప్టెంబర్ 19

ఇంజను బిగించాను. నల్లబరచాల్సిన బోల్టులు నూనెలో కాల్చి నల్లబరిచాను. రేడియేటరు మూతకు నికిలు లేక ఆగయ్య ఇత్తడినే మెరిపించాడు. రంధ్రం పడ్డ గోడకు బిళ్ళ అతికించాను. హ్యాండిల్ తిప్పితే నాలుగు బేరింగులకూ నూనె చేరుతోంది. నాలుగుసార్లు చూశాను.

దసరానాడు ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను. లక్క సంగతి చెప్తాను, నా తప్పే అంటాను. శేరు నూనె సంగతి ఎత్తను. ఎవరికి తెలుసు? జట్కావాడు ఎప్పుడో చచ్చిపోయాడు. బాపుకు ఇదే చెప్పాను. ఔనని అనలేదు, కాదని అనలేదు.

సెప్టెంబర్ 30. మంగళవారం. దసరా

పొద్దున బండిని తోసుకుంటూ వకీలు గారి వాకిట్లోకి తీసుకుపోయాము. బంతిపూల దండలు, పసుపు, కుంకుమ. చక్రాల కింద నిమ్మకాయలు. బాపు తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. తనంతట తానే వచ్చాడు. లక్ష్మీకాంతమ్మ గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, బాగా ముసలివారయ్యారు. హ్యాండిల్ పదకొండుసార్లు తిప్పాను. ప్రాణం విసిగి చేతులెత్తేద్దామనుకునేసరికి ఇంజను అందుకుంది. నాలుగు సిలిండర్లూ ఒకే దరువు. ఆగయ్య చప్పట్లు కొట్టాడు.

సోమశేఖర్ గారు చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. మా నాయన తెప్పించిన నూనె మంచిది గాకుండెనంట అని మొదలుపెట్టాడు. నేను అడ్డం వచ్చాను. నూనె మంచిదే సాబ్, నేను మీకు తప్పు చెప్పిన అన్నాను. లక్క సంగతి మొత్తం చెప్పాను. నేను లెక్కపెట్టకుండ కుస్తీకి పోయిన, మా బాపు పదిహేనేండ్లు నా తప్పు మోసిండు అన్నాను. చెప్పడం అయ్యాక ఒళ్ళు తేలికపడింది. అందరూ నన్నే చూస్తున్నారు. పోనీ, చూడనీ. బాపు మీది మాట పోయింది, అది చాలు.

చాలు అనుకునేలోపల బాపు ముందుకు వచ్చాడు. నేను ధోవతి పట్టుకుని వెనక్కి లాగాను కూడా. విదిలించుకున్నాడు.

అమ్మా, పిలగాడు సగమే చెప్పిండు అన్నాడు. ఆ పొద్దు ఒక శేరు నూనె నేను అమ్ముకున్న, కల్లు తాగిన, కొడుకు మీద తప్పు ఒట్టు పెట్టిన అన్నాడు. అంత మందిలో, గట్టిగా, డ్రైవరుగా ఉన్నప్పటి గొంతుతో.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడున్నర నెలలు ఇనుము గీకి గీకి ఆయన పేరు తెల్లగా చేస్తే, ఒక్క నిమిషంలో తన చేత్తో తనే మసి పూసుకున్నాడు. ఆగయ్య తల పట్టుకున్నాడు. సోమశేఖర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంజను ఒక్కటే మోగుతోంది.

లక్ష్మీకాంతమ్మ గారు ఒక్క శేరేనా అన్నారు.

ఒక్క శేరే అమ్మా అన్నాడు బాపు.

మా ఆయన నాలుగు శేర్లు అమ్ముకున్నవని చెప్పిండు, ఊరంత గట్లనే చెప్పిండు, సచ్చేదాక గట్లనే చెప్పిండు అన్నారు ఆమె. పక్కనున్న పళ్ళెంలోంచి జమ్మి ఆకు తీసి బాపు చేతిలో పెట్టారు. ఇగ నడు, బండి ఎక్కియ్యి, పొద్దెక్కుతున్నది అన్నారు. బాపు వంగి ఆమె కాళ్ళు మొక్కాడు. లేవడానికి నేను పట్టుకోవాల్సి వచ్చింది.

చార్మినార్ దాకా బాగానే పోయాము. తిరిగొచ్చేటప్పుడు లాడ్ బజార్ దాటాక ఒక ప్లగ్ మసిబారి ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఆగిపోయింది. పండగపూట ఇంతమంది చూస్తుండగా బండి తోయాల్సి వచ్చింది. నేను, సోమశేఖర్ గారు, ఆగయ్య, బాపు. లక్ష్మీకాంతమ్మ గారు లోపలే కూర్చుని, మెల్లగ తొయ్యిండ్రి అంటూ వచ్చారు.

అక్టోబర్ 1. పగలు రెండు

బాపు నిన్న పొద్దుగూకగానే పడుకున్నాడు. ఇంకా లేవలేదు. పదిహేనేళ్ళుగా చిన్న చప్పుడుకే లేచి కూర్చునే మనిషి, గల్లీలో ఇంత లొల్లిగా ఉన్నా లేవలేదు. లేపొద్దని కళావతికి చెప్పాను. రెండుసార్లు వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఊపిరి బాగానే ఆడుతోంది.